కాగితం స్టార్ ఇంట్లోనే కడదామని ఉంది: బద్దలు, కాగితం, బల్బు సంగతి చెప్పండి

నిజాంపేట నాని | నవంబరు 24, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లా. ఉద్యోగం వల్ల హైదరాబాదులో ఉంటున్నాం. ఇన్నేళ్లూ డిసెంబరు రాగానే బజారులో ప్లాస్టిక్ స్టార్ కొని బాల్కనీలో తగిలించేవాణ్ణి. ఈసారి పిల్లలతో కూర్చుని కాగితం స్టార్ కట్టాలని ఉంది. మా నాన్న కడుతుంటే దారం అందించడమే తప్ప నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

బద్దలు ఎంత పొడవు, ఎంత లావు ఉండాలి? ఏ కాగితం వాడాలి? కాగితానికి నిప్పంటుకోకుండా ఉండాలంటే లోపల ఏ బల్బు పెట్టాలి? ఇంకో తలనొప్పి ఏంటంటే, రెయిలింగు అవతల ఏదీ వేలాడదీయొద్దని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు పెట్టింది. బాల్కనీకి పావురాల నెట్ కూడా ఉంది.

తెనాలి టీచరమ్మ | నవంబరు 24, రాత్రి 10:25

నానీ గారూ, మా సండే స్కూలు పిల్లల చేత ఏటా కట్టిస్తాను కాబట్టి కొలతలు నోటికి వచ్చేశాయి. రాసుకోండి.

అయిదు బద్దలతో ఒక చుక్క, ఇంకో అయిదు బద్దలతో రెండో చుక్క కట్టాలి. పది బద్దలూ ఒకే పొడవు ఉండాలి. అందరూ తడబడేది బద్దలు ఒకదాన్నొకటి దాటే చోటు దగ్గర. కంటి లెక్కన కడితే ఒక రెక్క పొడుగ్గా, ఒకటి పొట్టిగా వచ్చి స్టార్ కుంటుతుంది. అందుకని ముందే గుర్తులు పెట్టుకోవాలి. బద్ద పొడవుని 0.382తో గుణించండి. వచ్చినంత దూరంలో రెండు కొసల నుంచీ పెన్సిలు గీత పెట్టండి. 90 సెంటీమీటర్ల బద్ద అయితే ఇటు నుంచి 34.4 దగ్గర ఒక గీత, అటు నుంచి 34.4 దగ్గర ఒక గీత, మధ్యలో 21.2 మిగులుతుంది. మీ బాల్కనీకి అంత పెద్దది వద్దనుకుంటే 60 తీసుకోండి. అప్పుడు గీతలు 22.9 దగ్గర వస్తాయి.

బద్దలు పేర్చేటప్పుడు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోనివ్వండి. గీత మీద గీత పడేలా చూసుకుని దారంతో బిగించండి. రెండు చుక్కలూ అయ్యాక ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసల దగ్గర మాత్రమే కలిపి కట్టాలి. తరవాత లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా రెండు చుక్కల మధ్య పొట్టి పుల్ల నిలబెట్టండి. 90 స్టారుకి 15 సెంటీమీటర్ల పుల్ల, 60 దానికి 10, 11 చాలు. పుల్ల పెట్టగానే బద్దలు విల్లులా వంగి స్టార్ ఉబ్బుతుంది. బల్బుకి చోటు వచ్చేది అక్కడే.

కాగితం అంటించేటప్పుడు వెనక వైపు ఒక రెక్క ఖాళీగా వదిలేయండి. బల్బు చెయ్యి పెట్టి మార్చుకోవాలి కదా. మొత్తం అంటించేసి తరవాత చింపేవాళ్లని ఏటా చూస్తుంటాను.

కూకట్‌పల్లి కిరణ్ | నవంబరు 24, రాత్రి 11:02

ఎందుకన్నా ఇంత టెన్షన్? ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ స్టార్ బుక్ చేస్తే రేపొస్తుంది. రిమోట్ కూడా ఇస్తారు.

తెనాలి టీచరమ్మ | నవంబరు 25, ఉదయం 6:15

కిరణ్ బాబూ, ఆయన అడిగింది పిల్లలతో కలిసి కట్టడం గురించి. రిమోట్ నొక్కడానికి ఇద్దరు పిల్లలు అక్కర్లేదు.

మేదరవీధి | నవంబరు 25, ఉదయం 8:30

అన్నా, మాది వెదురు పని చేసే ఇల్లు. బద్దల గురించి నేను చెప్తా.

ఎండిపోయిన పాత వెదురు కొనకండి. అది వంగదు, వంచితే నిలువునా చీలుతుంది. పచ్చి వెదురు చీల్చినవి అడగండి. వేలెడు వెడల్పు వద్దు, చిటికెన వేలిలో సగం చాలు. మందం అంతకన్నా తక్కువ ఉండాలి. బద్దని రెండు చేతుల్లో పట్టుకుని వంచితే చంద్రవంకలా వంగి, వదిలితే తిరిగి నిటారుగా రావాలి. లావు బద్దలతో కడితే, టీచరమ్మ చెప్పిన పొట్టి పుల్ల పెట్టగానే కొసల దగ్గర కట్లు ఊడిపోతాయి.

కణుపుల దగ్గర ఉబ్బుని చాకుతో గీకి చదును చేయాలి, లేకపోతే కాగితం అక్కడే చిరుగుతుంది. పది బద్దల్లోనూ కణుపు ఒకే చోట రాకుండా చూసుకోండి. పచ్చి చర్మం ఉన్న వైపు బయటికి ఉంచండి, బలం అటే ఉంటుంది. అంచులు పదునుగా ఉంటాయి, పిల్లల చేతికి ఇచ్చే ముందు గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి.

హైదరాబాదులో ఎక్కడ దొరుకుతాయంటే, బుట్టలు, తడికెలు అల్లి అమ్మేవాళ్లు రోడ్డు పక్కన ఉంటారు కదా, వాళ్లనే అడగండి. స్టారుకి అని చెప్తే వాళ్లే సన్నగా చీల్చి ఇస్తారు. ఈ నెలలో మా దగ్గరికీ రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

పతంగి సాబ్ | నవంబరు 25, మధ్యాహ్నం 1:10

కాగితం నాకు వదిలేయండి. మాది పాతబస్తీ. మా తాత కాలం నుంచి సంక్రాంతికి పతంగులు చేస్తాం.

పతంగి కాగితమే తీసుకోండి. పల్చగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, వెలుగు అంతటా ఒకేలా పరుచుకుంటుంది. మా దుకాణాలకు సంక్రాంతి సరుకు డిసెంబరులోనే దిగుతుంది కాబట్టి రంగులకు కొదవ ఉండదు. గ్లాసు కాగితం, అంటే మిఠాయి పెట్టెల మీద చుట్టే మెరుపు కాగితం, పగలు చూడ్డానికి బాగుంటుంది. రాత్రి మాత్రం లోపలి బల్బు, హోల్డరు, వైరు అన్నీ బయటికి కనబడతాయి. పైగా దానికి పిండి జిగురు పట్టదు, టేపు వేయాలి. ముడతల కాగితం అసలే వద్దు, చెమ్మ తగిలితే రంగు కారుతుంది.

లై, అంటే పిండి జిగురు, ఇంట్లోనే వండుకోండి. రెండు చెంచాల మైదా చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, పారదర్శకంగా అయ్యేదాకా తిప్పాలి. బొద్దింకలు తినకుండా మేం చిటికెడు మైలుతుత్తం వేస్తాం. అది విషం. పిల్లలు ముట్టుకునే పనైతే వేయకండి, నెల రోజుల స్టారుకి అది లేకపోయినా నడుస్తుంది. లై పల్చగా రాయాలి. దట్టంగా రాస్తే ఎండాక అక్కడ నల్లగా మచ్చ కనబడుతుంది.

ఒక కిటుకు చెప్తాను. కాగితం అంటించాక ఎంత బాగా లాగినా అక్కడక్కడ వదులుగా ఉంటుంది. లై పూర్తిగా ఎండాక దూరం నుంచి సన్నగా నీళ్లు చిమ్మండి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా సరిపోతుంది. ఆ తడి ఆరేసరికి కాగితం దానంతటదే బిగుసుకుని డప్పు చర్మంలా అవుతుంది. నీళ్లు కారేంతగా మాత్రం పోయొద్దు.

పోలు నంబరు 14 | నవంబరు 25, రాత్రి 8:05

కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేస్తున్నాను. అందరూ రంగుల గురించే మాట్లాడుతున్నారు. ప్రాణాల మీదకి వచ్చేది వైరు దగ్గర.

కాగితం స్టారులో పాత ఫిలమెంటు బల్బు పెట్టొద్దు. అది తినే కరెంటులో నూటికి తొంభై పాళ్లు వేడిగానే పోతుంది. జీరో బల్బు కదా, ఏం కాదులే అనుకునేవాళ్లున్నారు. జీరో అనేది పేరుకే, పాత జీరో బల్బు పదిహేను వాట్ల దాకా లాగేది. ఎల్‌ఈడీ అయినా మూడు, అయిదు వాట్లది చాలు. ఎల్‌ఈడీకి గాజు చల్లగా ఉన్నా కింది మొదలు భాగం వేడెక్కుతుంది, అది కాగితానికి ఆనకుండా హోల్డర్ని లోపలి పుల్లకి కట్టాలి. బల్బు బరువంతా వైరు మీద వేలాడొద్దు.

వైరు మధ్యలో అతుకులు వద్దు. మంచులో తడిసిన అతుకుని తడిచేత్తో ముట్టుకున్నవాళ్లని చూశాను.

బాల్కనీకి అన్నిటికంటే మంచిది యూఎస్‌బీ బల్బు. అయిదు వోల్టులే కాబట్టి తడిసినా షాకు కొట్టదు. దాన్ని పవర్‌బ్యాంకుకి పెడితే కొన్ని పవర్‌బ్యాంకులు ఇంత చిన్న బల్బుని లెక్కలోకి తీసుకోక కాసేపటికే ఆగిపోతాయి. ఫోను చార్జరుకి పెట్టండి. చార్జరు మాత్రం ఇంటి లోపలి ప్లగ్గులోనే ఉండాలి.

మిద్దె మీద కట్టేవాళ్లకి ఇంకో మాట. స్టార్ ఎత్తులో కనపడాలని ఇనప పైపుకి కట్టి పైకి లేపుతారు. పక్కనే పదకొండు వేల వోల్టుల లైను ఉంటుంది. వెదురు గడే వాడండి. అది కూడా లైను దరిదాపుల్లోకి తీసుకెళ్లొద్దు, పచ్చిగా తడిగా ఉంటే అసలే వద్దు.

నిజాంపేట నాని | నవంబరు 25, రాత్రి 10:30

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. లైన్‌మన్ అన్నా, యూఎస్‌బీ సంగతి బాగుంది, అదే ఖాయం చేసుకున్నా. 60 సెంటీమీటర్ల స్టారుకి అది సరిపోతుందా, వెలుతురు మరీ తక్కువ అవుతుందా?

పోలు నంబరు 14 | నవంబరు 25, రాత్రి 10:41

పతంగి కాగితమైతే సరిపోతుంది. ఎరుపు, నీలం ముదురు రంగులు వెలుగుని మింగేస్తాయి. తెలుపో పసుపో ఎక్కువ వెయ్యి తమ్ముడూ.

డవావో డాక్టరు పిల్ల | నవంబరు 26, మధ్యాహ్నం 12:50

నమస్తే అన్నయ్యా. నేను ఫిలిప్పీన్స్‌లో, డవావోలో మెడిసిన్ చదువుతున్నాను. మాది ఏలూరు. ఇక్కడ తెలుగు స్టూడెంట్స్ చాలామందిమి ఉన్నాం. టీచరమ్మ గారు చెప్పిన కట్టుబడి చదువుతుంటే ఆశ్చర్యమేసింది. ఇక్కడి క్రిస్మస్ స్టార్ లాంతరుని పరోల్ అంటారు, అచ్చం అలాగే కడతారు: రెండు వెదురు చుక్కలు, కొసలు కలిపి కట్టడం, మధ్యలో పుల్లలు, పైన పల్చటి కాగితం. ఒక్క తేడా, కింది రెండు కొసలకీ కత్తిరించిన కాగితపు తోకలు ఉంటాయి.

మనకి డిసెంబరులో క్రిస్మస్ వాతావరణం వస్తుంది కదా, ఇక్కడ సెప్టెంబరులోనే షాపుల్లో పాటలు మొదలవుతాయి. ఫస్టియర్‌లో నాకు పిచ్చెక్కింది. పరోల్ మొదట్లో అలంకారం కోసం కాదట, దారి చూసుకోవడం కోసం. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు తెల్లవారకముందే పూజ ఉంటుంది, సింబాంగ్ గాబీ అంటారు. రైతులు పొలానికి వెళ్లేముందే గుడికి వెళ్లి రావాలి కాబట్టి అంత పొద్దున్నే పెట్టారు. చీకట్లో నడిచేవాళ్లు చేతిలో ఈ దీపాలు పట్టుకుని వెళ్లేవాళ్లు. ఇప్పటికీ నాలుగింటికి గుళ్లు నిండిపోతాయి. బయట పుతో బుంబోంగ్ అని వెదురు గొట్టంలో ఆవిరికి ఉడికించిన ఊదారంగు బియ్యప్పిండి వంటకం, పైన కొబ్బరీ బెల్లం వేసి అమ్ముతారు. ఇంటి బెంగ పోగొట్టేది అదే.

బడిపిల్లలకి పరోల్ చేసుకురమ్మని హోంవర్క్ ఇస్తారు. వెదురు దొరకనివాళ్లు స్ట్రాలు, ఖాళీ సీసాలు కూడా వాడతారు. డబ్బున్న ఇళ్లలో కాపిజ్ అనే గవ్వ పెంకులతో చేసినవి ఉంటాయి, అవి వానకీ చెక్కు చెదరవు.

అసలైన గొప్ప లాంతర్లు పంపంగాలో శాన్ ఫెర్నాండో అనే ఊళ్లో చేస్తారు. అది మనీలాకి ఉత్తరాన ఉంది, మాకు దూరం. నా రూమ్మేట్‌ది ఆ ప్రాంతమే. ఒక్కోటి ఇరవై అడుగుల ఎత్తు, లోపల వేల బల్బులు. సంగీతానికి తగ్గట్టు రంగులు మారుతుంటే కంప్యూటర్ అనుకున్నాను. కాదట. పెద్ద ఇనప డ్రమ్ముల మీద రేకు పట్టీలుంటాయి, ఒక్కో వైరు కొసనీ జడపిన్నుతో ఆ పట్టీకి ఆనిస్తారు. బల్బు ఆరాల్సిన చోట పట్టీ మీద టేపు అంటిస్తారు. డ్రమ్ముని మనిషి చేత్తో తిప్పుతాడు. టేపు ఉన్నచోట కరెంటు ఆగుతుంది, లేనిచోట వెలుగుతుంది. లైన్‌మన్ అన్నకి నచ్చుతుందని చెప్తున్నా.

పోలు నంబరు 14 | నవంబరు 26, మధ్యాహ్నం 2:15

నచ్చింది చెల్లెమ్మా. జడపిన్నులతో అన్ని బల్బులు నడపడం అంటే గుండె ధైర్యం కావాలి. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

గోదారి గాలి | నవంబరు 26, రాత్రి 7:20

అమ్మాయ్, తోకలు మావైపు కూడా ఉంటాయి. రాజోలు దగ్గర మా ఊళ్లో తోక లేని స్టార్ కడితే "ఇదేంటిది, సగంలో ఆపేశారా" అంటారు. కాకపోతే మేం ఒక్కటే పొడుగు తోక పెడతాం, తోకచుక్కలాగ.

నాని గారూ, మీకు హైదరాబాదులో ఈ బాధ తెలీదు గానీ మా కోనసీమలో డిసెంబరు మంచు మామూలుగా ఉండదు. సాయంత్రం బిగుతుగా ఉన్న కాగితం తెల్లారేసరికి మెత్తబడి జారుతుంది, ఎండెక్కాక మళ్లీ బిగుస్తుంది. నాలుగు రోజులు అలా అయ్యేసరికి అంచుల దగ్గర విడిపోతుంది. అందుకని కాగితాన్ని బద్ద అంచు దాకా అంటించి వదిలెయ్యకుండా, బద్ద చుట్టూ తిప్పి లోపలివైపు అంటిస్తాం. పాతరోజుల్లో కాగితానికి నూనె రాసేవాళ్లు. వెలుగు బాగా వస్తుంది, నీళ్లు పట్టవు, నిజమే. కానీ నూనె కాగితంలో నిప్పు రవ్వ పడితే ఇంక చెప్పక్కర్లేదు, పక్కన తాటాకు పాక ఉంటే మరీను. దీపం పెట్టేవాళ్లెవరూ నూనె రాయొద్దు.

తుఫానుకి మాత్రం ఏ కిటుకూ లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ వారం మొదట్లో కట్టిన కాగితం స్టార్లన్నీ బద్దలే మిగిలాయి. మేం మళ్లీ కాగితం మార్చి కట్టాం. ప్లాస్టిక్‌వి ఎగిరిపోయి కాలవలో తేలాయి. కిరణ్ గారు గమనించాలి.

కూకట్‌పల్లి కిరణ్ | నవంబరు 26, రాత్రి 7:48

నన్నెందుకు లాగుతారండీ మధ్యలో 😄 సరే, మరి అట్ట కాగితంతో మడతపెట్టి వచ్చే స్టార్లు ఉంటాయి కదా, చిల్లులు పొడిచి లోపల రంగు కాగితం అంటించినవి. విప్పి, అంచులు కలిపి దారం లాగితే అయిపోతుంది. అవి కాగితమే కదా. అది కూడా తప్పేనా?

తెనాలి టీచరమ్మ | నవంబరు 26, రాత్రి 8:30

తప్పని ఎవరన్నారు? మా ఇంటి వసారాలో ప్రతి ఏడూ అదే. చిల్లుల్లోంచి గోడ మీద పడే నీడ నాకిష్టం కూడా. జనవరిలో మడతపెట్టి బీరువా మీద పడేస్తే మళ్లీ ఏడాదికి పనికొస్తుంది. నా పోరు రిమోట్‌తోనే.

డ్రెస్డెన్ బాబాయ్ | నవంబరు 27, తెల్లవారుజాము 3:10 (మాకింకా రాత్రే)

మడతపెట్టి దాచుకోవడం అన్నారు కాబట్టి నేనూ ఒక మాట కలుపుతాను. జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉంటున్నాం. ఇక్కడికి తూర్పున హెర్న్‌హూట్ అనే చిన్న ఊరుంది. మొరేవియన్ క్రైస్తవులు 1722లో కట్టుకున్న ఊరు. 2024లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఈ ప్రాంతంలో క్రిస్మస్ అంటే హెర్న్‌హూట్ స్టారే.

మన అయిదు కొసల స్టార్ కాదు. ఇరవై అయిదు కొసలు, ముళ్లపందిలా అన్ని వైపులకీ పొడుచుకొచ్చి ఉంటాయి. పుట్టింది అలంకారం కోసం కాదు, లెక్కల క్లాసులో. 19వ శతాబ్దం మొదట్లో ఆ సంఘం వాళ్ల బోర్డింగు బడిలో పిల్లలకి జామెట్రీ అర్థం కావాలని కాగితంతో ఇలాంటివి చేయించారట. పిల్లలు సెలవులకి ఇంటికెళ్లి కట్టడం మొదలుపెట్టారు, అక్కడినుంచి ఇళ్లకి పాకింది.

టీచరమ్మగారి కోసం లెక్క: పద్దెనిమిది చతురస్రాలు, ఎనిమిది త్రిభుజాలు కలిసిన ఘనాకారం ఊహించుకోండి. ఒక చతురస్రం వైరు లోపలికి వెళ్లడానికి ఖాళీగా వదిలేస్తారు. మిగతా పదిహేడు చతురస్రాల మీద నాలుగు పలకల కొసలు, ఎనిమిది త్రిభుజాల మీద మూడు పలకల కొసలు నిలబెడతారు. మొత్తం ఇరవై అయిదు. పెట్టెలో విడి ముక్కలుగా వస్తుంది, ఇంట్లో వాళ్లే ఒక్కో కొస కలుపుకోవాలి. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి కట్టి, జనవరి 6న విప్పి అదే పెట్టెలో పెట్టేస్తారు. కాగితానివి ఇంటి లోపలికే, బయటకి ప్లాస్టిక్‌వి వేరే చేస్తారు. ఇక్కడి చలివానకి కాగితం ఒక్క పూట కూడా నిలవదు మరి.

మా ఇంట్లో రెండూ ఉంటాయి. కిటికీలో వాళ్ల స్టార్, హాల్లో మాది. వెదురు బద్దలు ఇక్కడ మొక్కల దుకాణంలో తీగలకి ఊతంగా అమ్ముతారు, అవి గుండ్రంగా ఉంటాయి, వంగవు. నేను సన్నటి చెక్క పట్టీలు నానబెట్టి వాడుతున్నా. మేదరవీధి తమ్ముడికి ఇంతకన్నా మంచి ఉపాయం తెలిస్తే చెప్పాలి.

మేదరవీధి | నవంబరు 27, ఉదయం 9:00

గుండ్రటి పుల్లైనా నిలువునా నాలుగుగా చీల్చండి బాబాయ్. చాకుని కొస మీద పెట్టి సుత్తితో తడితే అదే దారి చూసుకుంటుంది. ఎండినవైతే రాత్రంతా నీళ్లలో ఉంచి తర్వాత చీల్చండి.

సత్యమార్గం | నవంబరు 27, ఉదయం 10:20

సహోదరులారా, ఈ అలంకారాలన్నీ వాక్యంలో ఎక్కడున్నాయి? యిర్మియా పదో అధ్యాయంలో చెట్టు నరికి వెండి బంగారాలతో అలంకరించడం గురించి ఏమని రాసి ఉందో చదవండి. మా సంఘంలో స్టార్ కట్టం.

ఒంగోలు అబ్బాయి | నవంబరు 27, ఉదయం 11:05

బ్రదర్, యిర్మియా 10 విగ్రహాల గురించి, చెట్టుతో విగ్రహం చెక్కడం గురించి. నక్షత్రం మత్తయి రెండో అధ్యాయంలోనే ఉంది, జ్ఞానులు దాన్ని చూసే వచ్చారు. మీరు కట్టకపోతే మీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయరు.

నక్షత్రం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మావైపు బాప్టిస్టు మిషన్‌కి ఒకప్పుడు "ఒంటరి నక్షత్రం" అనే పేరుండేది. నెల్లూరులో పని ముందుకు సాగక, దాన్ని మూసేద్దామా అని 1853లో అమెరికాలో వాళ్ల సభ చర్చించింది. మిషన్ కేంద్రాల మ్యాపులో ఇటు తెలుగు దేశంలో ఒక్క నెల్లూరు దగ్గరే నక్షత్రం గుర్తుండేది, ఆ పేరు అలా వచ్చింది. మూసేయలేదు కాబట్టే మరుసటి ఏడాది జనవరి 1న నెల్లూరు మిషనరీ జూయెట్ దొర ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశాడు. ఇప్పుడు దాన్ని ప్రార్థన కొండ అంటారు. మా సంఘం స్టార్ మీద ఏటా ఒకే రంగు, ఒకే తెలుపు. కారణం అదేనని మా పెద్దలంటారు, రంగు కాగితానికి డబ్బుల్లేక అని మా నాన్నమ్మ అనేది.

మోడరేటరు | నవంబరు 27, ఉదయం 11:30

కట్టొచ్చా, కట్టకూడదా అనే వాదన ఇక్కడితో చాలు. దానికి వేరే అంశం తెరుచుకోండి. ఇక్కడ కట్టేవాళ్ల గురించే.

పద్మక్క | నవంబరు 27, సాయంత్రం 5:45

మేం హిందువులం, విజయవాడ. అయినా ఈ చర్చ మొత్తం చదివేశాను. మా పక్కింటివాళ్ల స్టార్ ప్రతి ఏడూ మా మేడ మీదే కడతారు, మాది ఎత్తు కాబట్టి. మా అత్తగారు కార్తీకంలో ఆకాశదీపం పెడతారు. దానికోసం మావారు గడ పైన కప్పీ బిగించి తాడు వేశారు, నూనె పోయడానికి రోజూ దింపి ఎక్కించాలి కదా. కార్తీకం వెళ్లగానే ఆ కప్పీనే వాళ్లు స్టారుకి వాడుకుంటారు. బల్బు పోతే తాడు వదిలితే కిందికి వస్తుంది, ఎవరూ గోడ ఎక్కక్కర్లేదు. నాని గారూ, బాల్కనీ సీలింగు కొక్కేనికి చిన్న కప్పీ వేసుకోండి, హార్డ్‌వేర్ షాపులో బట్టలారేసే స్టాండుకి అమ్మేదే.

డప్పు జాషువా | నవంబరు 27, రాత్రి 9:15

పావురాల నెట్‌కి భయపడకన్నా, అది మేలే. నెట్ లోపలే కడితే రెయిలింగు దాటదు, అసోసియేషన్‌కి మాట అనే చోటుండదు. నెట్‌కి మాత్రం తగలొద్దు, గాలికి రాసుకుని కాగితం చిరుగుతుంది. జానెడు ఎడం ఉంచండి.

మా కేరల్స్ టీము తరపున ఒక మనవి: స్టార్ రోడ్డు వైపు కనపడేలా కట్టండి. రాత్రి పన్నెండింటికి కంజిర, డ్రమ్ము, క్రిస్మస్ తాతతో కొత్త కాలనీల్లో తిరుగుతుంటే మాకు ఇంటి నంబరు కంటే స్టారే గుర్తు. మావాళ్ల లిస్టులో లేని ఇల్లయినా స్టార్ కనబడితే ఆగి ఒక పాట పాడతాం. పోయినేడాది ఒక గేటెడ్ కమ్యూనిటీలో వాచ్‌మన్ ఆపేస్తే, ఆరో అంతస్తులో స్టార్ చూపించి "ఆ ఇంటికి" అన్నాం. ఆయన ఇంటర్‌కామ్‌లో ఫోన్ చేస్తే ఆ ఇంటివాళ్లు మమ్మల్ని పిలవనే లేదు, అయినా పైకి రమ్మన్నారు. టీ, అరిసెలు పెట్టారు. గొంతు తగ్గించి పాడమని మాత్రం అన్నారు.

నిజాంపేట నాని | నవంబరు 30, రాత్రి 8:50

బద్దలు దొరికాయి. బుట్టలల్లే ఆవిడ స్టారుకనగానే పది చీల్చి, రెండు ఎక్కువే ఇచ్చింది. చార్మినార్ దగ్గర పతంగి కాగితం తెచ్చాను, తెలుపు, పసుపు, కొంచెం ఎరుపు. గీతలు పెట్టే పని పెద్దమ్మాయి తీసుకుంది, 22.9 కి స్కేలు మీద తొమ్మిదో గీత వెతుక్కుంటూ గంట కూర్చుంది. మొదటి చుక్క బాగానే వచ్చింది. రెండోది రేపు.

ఇంకో అనుమానం. ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి? మా ఆవిడ డిసెంబరు 1 అంటుంది, మా అమ్మ సెమీ క్రిస్మస్ అయ్యాకే అంటుంది.

డోర్నకల్ పిల్ల | నవంబరు 30, రాత్రి 9:30

మీ అమ్మగారి మాటే వినండి అన్నా, ఇంట్లో గొడవెందుకు. విప్పడం మాత్రం జనవరి 6. జ్ఞానులు చుక్కని చూసి వచ్చినందుకు చేసుకునే పండగ అది, ఎపిఫనీ. మా డోర్నకల్ కెథడ్రల్‌కి పేరే ఎపిఫనీ. బిషప్ అజరయ్య గారు కట్టించారు, ప్రతిష్ఠ కూడా 1939లో అదే జనవరి 6న జరిగింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టినట్టుంటుంది, మీరు ఇటొస్తే చూపిస్తాను. మా ఇంట్లో ఆ రోజు ఆరాధన అయ్యాకే స్టార్ దించుతాం.

గోదారి గాలి | నవంబరు 30, రాత్రి 9:52

మావైపు రూల్ కొత్త సంవత్సరం దాకా. బద్ధకిస్తే సంక్రాంతి దాకా. కాగితం చిరిగిపోయినా బద్దలు దాచుకోండి, ముందు కట్లు వదులయ్యాయేమో చూసుకుని కొత్త కాగితం వేస్తే నాలుగైదేళ్లు వస్తాయి. అటక మీద పెట్టేముందు జిగురు తడిగుడ్డతో తుడిచెయ్యండి, లేకపోతే ఎలకలు.

డ్రెస్డెన్ బాబాయ్ | డిసెంబరు 1, తెల్లవారుజాము 2:40

మేదరవీధి తమ్ముడూ, రాత్రంతా నానబెట్టి చీల్చాను. చక్కగా వంగింది. పతంగి సాబ్ గారూ, మైదా ఇక్కడ టైప్ 405 అని అమ్ముతారు, దానితో లై బ్రహ్మాండంగా వచ్చింది. ఇంట్లో పూరీలకి పిండి మిగల్లేదని గొడవ నడుస్తోంది.

నిజాంపేట నాని | డిసెంబరు 3, రాత్రి 10:05

కట్టేశాం. నీళ్లు చిమ్మాక నిజంగానే కాగితం బిగిసింది, చిన్నవాడు వేలితో కొట్టి చూస్తూనే ఉన్నాడు. పద్మక్క గారి కప్పీ కూడా బిగించాను. ఒక రెక్క కొంచెం వంకర, అది రోడ్డు వైపు కాకుండా ఇంటివైపు తిప్పాను. కింది ఫ్లోరు వాళ్ల అమ్మాయి వచ్చి తమకీ ఒకటి కట్టిపెట్టమంది, మిగిలిన రెండు బద్దలకి ఇంకో ఎనిమిది కావాలి.

పోలు నంబరు 14 | డిసెంబరు 3, రాత్రి 10:12

చార్జరు లోపలే పెట్టావా? రాత్రంతా వెలగనిస్తున్నావా?

నిజాంపేట నాని | డిసెంబరు 3, రాత్రి 10:15

హాల్లో ప్లగ్గుకే అన్నా. టైమరు కొన్నాను, పదకొండున్నరకి ఆగిపోతుంది.

డప్పు జాషువా | డిసెంబరు 3, రాత్రి 10:20

మేమొచ్చేది పన్నెండు దాటాక! ఒంటిగంట దాకా పెట్టన్నా.